ముక్కు నాకేదాక

పక్కింటి అవ్వ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను కామారెడ్డిల కుక్క గోలీలు కొనుక్కొని ఎల్లారెడ్డి బస్సుల కూసున్న. ఏడుపు రాలే. రేపటిసంది మా కుక్కకు గోలి ఎవరేస్తరన్నదే ముందు మనసుల మెదిలింది. చెప్పుకుంటే సిగ్గైతది. కాని ఆమె గురించి రాయాలని కూసున్నంక అబద్ధంతోని మొదలువెట్టొద్దు గదా.

ఆమెకు నాకు పడకపోయేది. మా మోరి నీళ్లు వాళ్ల వాకిట్లకు పోతున్నయని ఆమె, ఆమె కోళ్లు మా మెంతికూర గెలికినయని నేను, నడిమి గోడకు అటొకలం ఇటొకలం నిలవడి తిట్టుకునేటోళ్లం. ఆమె నోటికి జడిసి మా చుట్టాలు సుత చీకటి పడ్డంకనే వచ్చేటోళ్లు.

మా కుక్కకు ఫిట్స్ మొదలైనంక పసుల దవాఖానల గోలీలు రాసిచ్చిండ్రు. రోజూ వెయ్యాలె, ఒక్కపూట తప్పినా పానం మీదికొస్తదన్నరు. మాంసం ముక్కల పెడితే ముక్క తిని గోలి ఊంచేది. బెల్లంల పెడితే బెల్లం నాకి గోలి ఊంచేది. మూడోనాడు పెరుగన్నంల పొడి చేసి కలిపి బతిమాలుతుంటే గోడ మీదికెల్లి అవ్వ చూసి నవ్వింది.

"దానికున్న తెలివి నీకు లేదు. ఏందే గా బతిమాలుడు? అల్లునికి వడ్డిస్తున్నవా?"

కొంగు దోపుకొని వచ్చింది. కుక్కను మూలకు తోలి, దాని వెనక కూసోని మోకాళ్ల నడుమ పట్టింది. ఎడమచేత్తోని పైదవడ ఎత్తి, గోలి నాలుక మొదట్ల పెట్టి, నోరు మూసి గొంతు నిమిరింది. అయిపోయిందనుకొని నేను లేవబోతే గద్దించింది.

"కూసో. ముక్కు నాకిందా? నాకితేనే మింగినట్టు. లేకుంటే దౌడల దాసుకొని నువ్వు అటు మర్రంగనే ఊంచుతది."

జరసేపటికి కుక్క ముక్కు నాకింది. గోలి గొంతుల పట్టుకోవద్దని చెంచతోని నీళ్లు తాపి, నా దిక్కు చూడకుండనే పోయింది.

ఆనాటిసంది రోజూ పొద్దుగాల వచ్చేది, తిట్టుకుంటనే. వాడకట్టుల ఎవరి కుక్కకు, పిల్లికి మందు వెయ్యాలన్నా ఆమెనే పిలిచేటోళ్లు. పాత చీరముక్కల పిల్లిని చుట్టి తల ఒక్కటే బయటవెట్టి, రక్కించుకుంట, దాని వంశాన్నంత తిట్టుకుంట మింగించేది. "నోరులేని దాన్ని అడుగుడేంది, మింగించుడే" అనేది. ఆమె లేకపోతే మా కుక్క ఎప్పుడో పోయేది. ఈ మాట ఆమె బతికుండంగ ఒక్కసారన్న అనలే నేను.

ఒకనాడు బీబీపేటల ఉండే ఆమె బిడ్డ నాకు ఫోను చేసింది. "అక్కా, అమ్మ బీపీ గోలి సక్కగ వేసుకుంటలేదు. జర దగ్గరుండి వెయ్యవా?" సరే అన్న. కుక్క పని అయినంక చెంబుల నీళ్లు, గోలి చేతికిచ్చేదాన్ని. నోట్లె వేసుకొని నీళ్లు తాగేది.

"మింగినవా అవ్వా?"

"మింగిన పో. పోలీసుదానివా నువ్వు?"

ఆ మాటకు నాకు మండేది. మింగితే మింగు, లేకుంటే లేదు అనుకొని లోపలికి పోయేదాన్ని.

బీపీ ఎక్కువై నెత్తిల నరం పగిలి పోయిందన్నరు డాక్టర్లు. దినాలైనంక బిడ్డ, నేను ఇల్లు కడుగుతున్నం. నడిమి గోడకు రాళ్ల సందుల ఒక గుడ్డపేలిక కుక్కి ఉన్నది. బిడ్డ గుంజింది. వెనకనుంచి గోలీలు రాలినయి. తెల్లయి. నోట్లె తడిసి ఉబ్బి, ఎండి, ఒకదానికొకటి అతుక్కున్నయి.

బిడ్డ నా మొకం చూసింది. "దగ్గరుండి ఇస్తున్న అన్నవు గదక్కా?"

"ఇచ్చిన" అన్న. "దగ్గర ఉండలే."

ఇంకా ఆమె మీద కోపం పోలే. ఊరందరి కుక్కల దౌడలు వెతికిన మనిషి, తన దౌడల దాసుకుంటదా? మింగిందా లేదా చూసుకునే బుద్ధి నాకు నేర్పిందే ఆమె గదా. నేర్చుకొని సుత కూసోకపోయిన నా మీద అంతకంటె ఎక్కువ కోపం.

ఇప్పుడు కుక్కకు నేనే వేస్తున్న. ఇయ్యాల పొద్దుగాల దాని వెనక కూసోని, గోలి పెట్టి, నోరు మూసి గొంతు నిమురుతున్న. అది గోడ దిక్కే చూస్తున్నది. లోపల పొయ్యి మీద పాలు పొంగుతున్న సప్పుడు వినవడ్డది. మాడిన వాసన సుత వచ్చింది. ఇంకా ముక్కు నాకలే. నేను లేవలే.