ఎంగిలి కలపని ఇల్లు

మా అత్తగారు పోయారు. మంగళవారం పొద్దున వీధిలో చెత్తబండి విజిల్ వినపడింది గానీ ఆవిడ గది తలుపు తెరుచుకోలేదు. ఆ విజిల్‌కి ఆవిడ లేవకపోవడం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. అందుకని తలుపు తోసి చూడకముందే నాకు తెలిసిపోయింది. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టరుగారు చెప్పారు. పుణ్యాత్మురాలు, ఎవరిచేతా చేయించుకోకుండా దాటిపోయిందని వచ్చినవాళ్లంతా అన్నారు. నేను తల ఊపాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఒళ్లంతా మొద్దుబారినట్టుంది.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని మావారే అన్నారు. "అమ్మ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు" అన్నారు. కన్నకొడుకు ఆ మాట అంటే ఇంకేం చెప్తాం! నిజమే మరి. ఆయన పొద్దున పోతే రాత్రికొచ్చే మనిషి. నేనూ కాలేజీ ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నా, ఆవిడతో కాఫీ తాగిందీ నేనే, పోట్లాడిందీ నేనే. అత్తాకోడళ్లం కదా, పోట్లాటకి వేరే కారణం అక్కర్లేదు. కానీ మా పోట్లాటలన్నీ చెత్త గురించే అంటే మీరు నవ్వుతారు. నవ్వండి, ఆవిడేమీ అనుకోరు.

గుణదలలో మాది పాత డాబా. ఆవిడది పామర్రు దగ్గర పల్లెటూరు. మామగారు కాలం చేశాక మా దగ్గరికొచ్చారు. వచ్చిన కొత్తలో ఆవిడకి అర్థంకానిది ఒక్కటే. "మా ఊళ్లో చెత్తని బయటికి పంపడమేంటి! పెరట్లో పెంట ఉండేది, ఎండాకాలంలో బండికెత్తి పొలానికి తోలేవాళ్లం. ఇక్కడేంటమ్మాయ్, రోజూ మోసుకెళ్లి ఎవరికో ఇస్తారు?" అనేవారు.

తర్వాత కార్పొరేషన్ వాళ్లు ఇంటింటికీ మూడు బుట్టలు పంచారు. తడిచెత్తకి ఆకుపచ్చది, పొడిచెత్తకి నీలంది, సూదులూ కాలంచెల్లిన మందులూ వెయ్యడానికి ఎర్రది. మూతలతో సహా నిగనిగలాడుతున్నాయి. అంత మంచి బుట్టల్లో చెత్త వెయ్యడానికి మా వీధిలో ఎవరికి మనసొప్పుతుంది? సగం ఇళ్లల్లో బియ్యం పోసుకున్నారు. మా అత్తగారు ఇంకో అడుగు ముందుకేశారు. ఆకుపచ్చ దాంట్లో బియ్యం, నీలం దాంట్లో కందిపప్పు, ఎర్రదాంట్లో ఎండుమిరపకాయలు. రంగు కలిసిందని మురిసిపోయారు కూడా.

కొన్నాళ్లకి వార్డు సచివాలయం నుంచి శానిటేషన్ సెక్రటరీ వచ్చాడు. కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టున్నాడు. బుట్టలు చూపించమన్నాడు. ఎర్రబుట్ట మూత తీసి ఒక్క తుమ్ము తుమ్మాడు.

"పెద్దమ్మగారూ, ఇది ప్రమాదకరమైనవి వెయ్యడానికండీ" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"ఇవి మాత్రం తక్కువ ప్రమాదమా నాయనా? ఒకటి కొరికి చూడు" అన్నారు మా అత్తగారు.

పాపం, ఆ అబ్బాయి కోప్పడలేదు. మళ్లీ వచ్చాడు. డాబా మీద డ్రమ్ముకి చిల్లులు పెట్టి, అడుగున ఎండుటాకులు పరిచి, పుల్లమజ్జిగ చల్లి, వంటింటి చెత్తతో ఎరువు ఎలా చేసుకోవాలో చూపించాడు. ఆవిడ శ్రద్ధగా విన్నారు. ఇది మా పెంటే కదా, డ్రమ్ములో పెట్టారంతే అన్నారు. అంతా బాగానే ఉందనుకుంటుంటే, ఆ అబ్బాయి కంచాల్లో మిగిలిన అన్నం కూడా అందులోనే వేసెయ్యొచ్చన్నాడు. అక్కడ చెడింది.

"ఎంగిలా? ఆ ఎరువు నా మల్లెపాదులో వేసి, ఆ పూలు దేవుడికి పెట్టమంటావా?"

"మట్టిలో కలిసిపోయాక ఎంగిలి ఏముంటుందండీ?"

"నువ్వు కలిపావు కాబట్టి కలిసింది. కలపకపోతే కలవదుగా!"

ఆ అబ్బాయి మజ్జిగ చెంబు కింద పెట్టేశాడు. ఆవిడతో వాదించి గెలవడం పెళ్లైన దగ్గర్నుంచీ నావల్లా కాలేదు. ఆ రోజునుంచి మా ఇంట్లో చట్టం మారింది. కూరగాయల తొక్కలూ పూజపూలూ డ్రమ్ములోకి. కంచాల్లో మిగిలింది ఆకుపచ్చ బుట్టలోకి, అక్కణ్ణుంచి బండికి. కాగితాలూ కవర్లూ కడిగి ఆరబెట్టి నీలం బుట్టలోకి. ఇక సందేహాలు చూస్కోండి! మామిడిపండు కోసుకుని తింటే తొక్క డ్రమ్ముకి. రసాలు చీక్కుని తింటే టెంకతో సహా బండికి. టీ వడకట్టిన పొడి ఎంగిలి అవుతుందా కాదా అని ఒక ఆదివారమంతా వాదించుకున్నాం. కాదని ఆవిడే తేల్చారు. "ఇదెందులో వెయ్యాలండీ అత్తయ్యగారూ?" అని వంటింట్లోంచి అరవడం నాకు అలవాటైపోయింది. ఆవిడ ఎక్కడున్నా జవాబు వచ్చేది, స్నానం చేస్తూ కూడా చెప్పేవారు.

విచిత్రమేంటంటే, తడి పొడి అని మైకులో ఎంత చెప్పినా ఎక్కనిది మా వీధికి ఈ ఎంగిలి మాటతో ఎక్కింది. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆవిడ ఒక్కొక్కరినీ పట్టుకునేవారు. "పూలమొక్కలకి ఎంగిలి పోస్తున్నావటే?" అనేవారు. ఎవరు పోస్తున్నామంటారు? కింద పోర్షన్‌లో ఉండే క్రైస్తవుల ఇంటావిడ, "మాకు ఎంగిలి పట్టింపు లేదు గానీ అత్తయ్యగారూ, మేరీమాతకి పెట్టే పూల విషయంలో మాత్రం నేనూ మీలాగే చేస్తా" అని ఇంకో డ్రమ్ము పెట్టుకుంది. సెక్రటరీ అబ్బాయి వేరే వీధులవాళ్లని తీసుకొచ్చి మా డాబా చూపించాడు. వాళ్లకి ఈవిడ మజ్జిగ ఇచ్చి మరీ పాఠం చెప్పారు.

ఇదంతా మడి పిచ్చి అనే నేననుకున్నాను. కాదని ఒకరోజు తెలిసింది. మా ఇంటికొచ్చిన చుట్టాల్లో ఎవరో సాంబారన్నం మిగిలిన పొట్లాన్ని నీలం బుట్టలో పడేశారు. చెత్త తీసుకెళ్లే బండి అమ్మాయి, మావారు బుట్ట అందిస్తే చూసి, ఆ పొట్లం విడదియ్యడానికి అందులో చెయ్యి పెట్టింది. మా అత్తగారు గేటు దగ్గర నిలబడి చూశారు. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే అన్నారు.

"మన ఎంగిల్లో ఇంకోళ్లింటి ఆడపిల్ల చెయ్యి ఎందుకు పెట్టాలమ్మాయ్?"

చెప్పులు విప్పి, నీలం బుట్ట కడగడానికి తీశాను.

"నేనున్నా పోయినా ఈ ఇంట్లో మాత్రం కలపొద్దు. నిన్ను ఇంకేమీ అడగను" అన్నారు. అడగలేదు కూడా. నగలు ఎవరికివ్వాలో, కర్మ ఎక్కడ చెయ్యాలో, ఏమీ చెప్పలేదు. అడిగింది అదొక్కటే.

ఇప్పుడు చెప్తున్నాను, మనిషి పోయిన ఇంట్లో ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో. ఆ మంగళవారం మధ్యాహ్నానికే టీ కప్పులూ పూలదండలూ నీళ్ల సీసాలూ అన్నీ ఒకే మూలకి చేరాయి. ఆవిణ్ణి తీసుకెళ్లాక ఆడవాళ్లు గది కడుగుతుంటే నేను ఆ మూల కూర్చుని వేరు చేశాను. ఏం చేస్తున్నానో నాకు తెలుస్తోంది గానీ, చేస్తున్నది నా చేతులేనా అనిపించింది. పెద్దకర్మకి భోజనాలు వీధిలో షామియానా వేసి పెట్టారు. ప్లాస్టిక్ పూత ప్లేట్లు వద్దు, అరిటాకులు వేయిద్దామన్నాను.

"ఇప్పుడా గొడవెందుకమ్మా?" అన్నారు మావారి అన్నగారు. కసిరి కాదు, నీరసంగానే అన్నారు. కానీ ఉయ్యూరు నుంచి మావారు అరిటాకులు తెప్పించారు. ఆకుల కట్టలు తెచ్చి గోడకి ఆనించి వెళ్లిపోయారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేనాయన్ని ఓదార్చాలి కదా అనుకున్నాను. ఆకులు కడగడానికి వెళ్లాను.

భోజనాలైన చోట బుట్టలు పెట్టి పక్కనే నిలబడ్డాను. ఎవరో ఆకులమీద నీళ్ల సీసా పారేశారు. వంగి తీశాను. వెనకాల దూరపు చుట్టాలావిడ ఇంకొకావిడతో అంటోంది. "చెత్తమీదున్న ధ్యాస అత్తమీద లేదు. కంట్లో ఒక్క చుక్క చూశావా?" నాకు వినపడాలనే అంది. వినపడింది. కోపం రావాల్సింది. రాలేదు. ఆవిడ చేతిలో గ్లాసు ఖాళీ అయిందేమోనని చూశాను, తీసుకుని నీలం బుట్టలో వెయ్యడానికి.

మర్నాడు పొద్దున ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. నేను ఆవిడ గది సర్దాను. చీరలు ఎవరెవరికి ఇవ్వాలో వాళ్లకి తీసిపెట్టాను. షుగరు మందుల సూదులు మూత బిగించిన సీసాలో పెట్టి ఎర్రబుట్టలో వేశాను. అట్టపెట్టెలు మడతపెట్టి నీలం దాంట్లో. దేనికీ తడబడలేదు. బాగా నేర్పారు కదా. స్నానాలగది అలమరలో, సబ్బుల వెనకాల చిన్న స్టీలు గిన్నె ఒకటి కనపడింది. ఆ రోజు గది కడిగినవాళ్లెవరో అక్కడ పెట్టుంటారు. మూత తీశాను. నీళ్లల్లో ఆవిడ పళ్లసెట్టు.

దాచుకోవడానికి అదేమైనా ఫొటోనా, గొలుసా? పారెయ్యాలంటే చెయ్యి రాదు. పోనీ పారేస్తే మాత్రం ఎందులో? నోట్లో పెట్టుకున్నది కాబట్టి ఎంగిలే. ప్లాస్టిక్ కాబట్టి పొడి. మనిషిది కాబట్టి ఎర్రబుట్టా? ఈలోగా విజిల్ వినపడింది. ఆ గిన్నె అలాగే చేత్తో పట్టుకుని బుట్టలు తీసుకుని గేటు దగ్గరికి వెళ్లాను.

బండి అమ్మాయి ఆకుపచ్చది తీసుకుంది, నీలంది తీసుకుంది. నా చేతిలో గిన్నె చూసింది.

"అదేంటి మేడం?"

చూపించాను. ఆ అమ్మాయి వంగి చూసి, నుదురు చిట్లించింది.

"ఇలాంటిది నాకెప్పుడూ రాలేదండీ. ఎందులో వెయ్యాలో ఒక్కసారి పెద్దమ్మగారిని అడిగి రండి మేడం, నేనుంటాను" అంది, ఎప్పట్లాగే.

"సరే, ఉండమ్మా" అన్నాను. గిన్నె పట్టుకుని గబగబా లోపలికొచ్చి, "అత్తయ్యగారూ, ఇదెందులో వెయ్యాలండీ?" అని అరిచాను.