మధ్యాహ్నం పూట చేసిన రాత్రి

మొన్న భోజనాల దగ్గర మా మనవరాలు చెప్పింది. కంటికి ఆనని ఏకకణ జీవుల్లో కూడా గడియారం ఉంటుందట, చీకట్లో దాచినా వాటికి పగలేదో రాత్రేదో తెలుస్తుందట. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అరవై ఏళ్ల కిందట బుచ్చిరెడ్డిపాలెంలో, మా వడ్లగదిలో, నేను కళ్లారా చూసి హడలిపోయింది దాన్నే కదా!

మా చిన్నాయన ఉప్పు బేరానికి సముద్రం ఒడ్డుకు వెళ్లి వస్తుండేవాడు. ఇక తాగనని చిన్నమ్మ తల మీద చెయ్యిపెట్టి ఒట్టేసి అప్పటికి నెలైనా కాలేదు. ఒకరోజు పొద్దున్నే గాజుసీసా నిండా సముద్రపు నీళ్లతో దిగాడు. "రాత్రి అలలు నీలంగా వెలిగినాయి. ఆ నీళ్లే ఇవి! చీకట్లో కదిలిస్తే చాలు" అన్నాడు. చిన్నమ్మ మొహం పాలిపోయింది. "మళ్లీ తాగినావు" అని, దొరవారిసత్రంలోని పుట్టింటికి పోవడానికి పెట్టె సర్దుకుంది.

"రాత్రి దాకా ఆగు, చూపిస్తా" అని బతిమాలాడు చిన్నాయన. రాత్రయితే బస్సు లేదు. "చీకటే గదా నీకు కావాల్సింది? చీకటి నేను చేస్తా" అంది. ఆవిడ పంతం అలాంటిది మరి! వడ్లగది కిటికీకి గోనెపట్టాలు కట్టి, తలుపు సందుల్లో పాత చీరలు కుక్కింది. మిట్టమధ్యాహ్నం కాటుకలాంటి చీకటి. వాళ్లిద్దరూ, మా అమ్మా, నేనూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. చిన్నాయన సీసా ఊపాడు. మళ్లీ ఊపాడు. గళగళమని చప్పుడే తప్ప మిణుగురంత వెలుగు లేదు. చిన్నమ్మ పెట్టె పట్టుకుని బస్సెక్కి వెళ్లిపోయింది.

పొద్దుగూకాక, ఇంకా దీపం పెట్టకముందు, అమ్మ వడ్లకోసం ఆ గదిలోకి వెళ్లి కెవ్వుమని కేకేసింది. పరుగెత్తాం. ఆమె కాలు తగిలి దొర్లుతున్న సీసా లోపల నీలం మంట! నేను అమ్మ కొంగు పట్టుకుని వెనక్కి జరిగాను. సంతోషించాల్సిన చిన్నాయన అక్కడే చతికిలబడ్డాడు. "గోనెలు తియ్యనే లేదు గదా వదినా! బయట పొద్దుగూకిందని దీనికెవరు చెప్పినారు?" అన్నాడు. అమ్మ సీసాకు దండం పెట్టింది.

మర్నాడు చిన్నాయన సీసా చంకన పెట్టుకుని తొలి బస్సుకు అత్తవారింటికి వెళ్లాడు. ఈసారి పగలు దాని మూత కూడా ముట్టలేదట. ఎవరు పలకరించినా, ఎవరు నవ్వినా, అరుగు మీద కూర్చుని సందె కోసం కాచుకున్నాడట. సందె పడింది. సీసా ఊపితే వెలగలేదు. దారి కుదుపులకో ఏమో, నీళ్లలో వెలిగే ఆ కంటికానని ప్రాణులు చచ్చిపోయినట్టున్నాయి. అయినా తెల్లారగానే చిన్నమ్మ పెట్టె పట్టుకుని ఆయన వెంట వచ్చేసింది. "తాగేటోడు పొద్దున్నుంచి సందె దాకా అట్టా ఒక్కచోట కూర్చోలేడక్కా" అంటూ మా అమ్మను పట్టుకుని ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. తలుపులు మూసి చీకటి చేయగలిగాం గానీ, పొద్దు గూకించడం ఎవరి తరం?