కుచ్చులు విప్పిన టైలరమ్మ

కుచ్చులమ్మ ఇంట్లో అల్లుడు మూడు రోజులు తప్పిపోయి, చివరికి కర్టెన్ల మధ్య దొరికాడు. సరే, మూడు రోజులు కాదు, ఒక మధ్యాహ్నం. తప్పిపోలేదు, కునుకు తీశాడు. కానీ కర్టెన్ల మధ్యే దొరికాడన్నది మాత్రం నికార్సయిన నిజం.

ఆవిడ టైలరు. ఫ్రిజ్‌కు గౌను, మిక్సీకి స్కర్టు, రేడియోకు టోపీ కుట్టింది. ఆవిడ కుట్టిన చొక్కాల మీదైతే కుచ్చు లేని చోటు వెతకాలి. "అందమంటే అదే మరి!" అనేది ధీమాగా.

ఆ ధీమాకు ఒకరోజు హెడ్‌మిస్ట్రెస్ గండి కొట్టింది. బడిలో టీచర్లందరికీ యూనిఫారం కోట్లు కావాలి, ముందు ఒకటి కుట్టి చూపించమంది.

"కుచ్చులు వద్దమ్మా. సాదాగా ఉండాలి."

"అదెంత పని మేడమ్! సగం కుట్టు తగ్గినట్టే."

కుట్టి బల్ల మీద పరిస్తే, పక్క కుట్టు వానపాములా మెలికలు తిరిగింది. వంకర పోయిన చోటల్లా కుచ్చు వేసి కప్పేయడం ఏళ్ళ తరబడి చేతికి అలవాటు. ఇప్పుడు కప్పడానికేమీ లేదు. హెడ్‌మిస్ట్రెస్ చూసిందంటే పనీ పోతుంది, మంచి టైలరన్న పేరూ పోతుంది.

అల్లుడు తొంగి చూశాడు. "ఇక్కడో కుచ్చు వేస్తే సరిపోదా అత్తయ్యా?"

"మీరు కాస్త ఆ సలహాలు కట్టిపెట్టి ఆ కత్తెర ఇటివ్వండి బాబూ!"

తిన్నగా కుట్టడం సాధన చెయ్యాలి, కొత్త బట్ట పాడుచెయ్యకూడదు. అందుకని ఫ్రిజ్ గౌను ఊడింది. "అరె, ఈ ఫ్రిజ్ ఆకుపచ్చదా!" అని ఆవిడకే ఆశ్చర్యం. మిక్సీ స్కర్టు పోయింది. గుడ్డ చాలక కర్టెన్లు కూడా దించింది. ఒక్కసారిగా వెలుతురు వచ్చి మిషను మీద పడింది. సూది, దారం, గుడ్డ అంచు, అన్నీ స్పష్టంగా కనపడ్డాయి.

"చూశారా! ఇన్నాళ్ళూ నా చెయ్యి వంకర కాదు బాబూ, ఆ కిటికీది తప్పు!"

ఆ వెలుతుర్లోనే, పాత గుడ్డల మీద చెయ్యి కుదిరాక, కొత్త కోటు కుట్టింది. హెడ్‌మిస్ట్రెస్ తిరగేసి లోపలి వైపు కూడా చూసింది.

"లోపల కూడా ఎంత తిన్నగా ఉందమ్మా!"

"నేనెప్పుడూ ఇంతే మేడమ్."

పని దక్కింది. కిటికీ మళ్ళీ గౌను తొడుక్కోలేదు. ఆవిడ కుట్టే చొక్కా మీద ఇప్పుడు ఒక కాలరు, రెండు జేబులు. అంతే.

ఈ కథ మొన్న ఆవిడ చెవిన పడింది.

"శుద్ధ అబద్ధం! మా ఇంట్లో ఏనాడూ ఒక్క కుచ్చు లేదు. మా అల్లుడుగారైతే పగలు అసలు పడుకోనే పడుకోరు!"