చెప్పులు విడిచి ఇంటికి చుక్కలిచ్చిన మేస్త్రి

జనగామలో మీరంతా బాగున్నారా? మానుకోట చెల్లెళ్లకు మోకాళ్ల నొప్పులు తగ్గాయా? భూపాలపల్లి అక్కలూ, ఆ బొగ్గు దుమ్ముకు దగ్గు ఎలా ఉంది? లింగాల ఘనపూర్‌లో పిల్లలకు జ్వరాలన్నారు, లేచి తిరుగుతున్నారా? పదకొండు దాటాక ఎండలోకి వెళ్లకండి. బీపీ గోలీ మరిచిపోకండి. ఇవన్నీ అడిగితే గానీ నాకు అసలు మాట రాదు. అసలు మాట ఏమిటంటే, మన మేస్త్రి పోయాడు. పోయిన వారం సోమవారం పొద్దున ఛాతీలో మంట అన్నాడట. లింగాల ఘనపూర్ నుంచి జనగామ దవాఖానకు తెచ్చేలోపే ప్రాణం పోయింది.

మన సంఘం పత్రిక చదివేవాళ్లలో ఆయన్ను ఎరగనివాళ్లూ ఉంటారు కాబట్టి చెబుతున్నాను. మా వైపు పెంకుటిళ్లు విప్పి స్లాబులు పోసిన చేతుల్లో పెద్ద చెయ్యి ఆయనదే. మా ఇల్లూ ఆయన కట్టిందే. వయసు పైబడి తాపీ పక్కన పెట్టాక ఆయనకు ఒక దిగులు పట్టుకుంది. తాను పోసిన స్లాబుల కింద జనం ఉడికిపోతున్నారని! ఇక చూడండి, తాను కట్టిన ఒక్కో ఇంటికీ తానే వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టాడు, ఎవరూ పిలవకుండానే.

మా ఇంటికి పోయిన ఎండాకాలం వచ్చాడు, సరిగ్గా మిట్టమధ్యాహ్నం. ఎవరికో ఏదో అయిందనుకుని వాకిట్లోకి ఉరికాను.

"ఏమైందన్నా, గింత ఎండల వచ్చినవ్?"

"ఎండలనే రావాలె చెల్లె. పొద్దుగాల వస్తే అందరి ఇండ్లూ సల్లగనే ఉంటయ్."

మెట్లెక్కి పైకి వెళ్లాడు. చెప్పులు విడిచాడు. ఉత్త కాళ్లతో స్లాబు మీద నిలబడి లెక్కపెట్టాడు. "ఒకటి... రెం..." అంతే, ఎగిరి మెట్ల నీడలోకి దూకాడు!

"చెల్లె, నీ ఇంటికి ఒకటిన్నర చుక్క."

అదీ ఆయన కొలత. అరికాలు ఎన్ని అంకెలు ఓర్చుకుంటే ఇంటికి అన్ని చుక్కలు. ఐదు వరకు నిలబడగలిగితే మంచి ఇల్లు. "ఫ్రిజ్జు మీద చుక్కలు జూసి కొంటరు. గా ఫ్రిజ్జును పెట్టే ఇంటికి ఎన్ని చుక్కలో ఒక్కలన్న జూస్తరా?" అని అందరినీ అడిగేవాడు. అరికాళ్లు కాలాయని ఆయన్ను కూర్చోబెట్టి నేను వెన్న రాయబోతే వద్దన్నాడు. వెన్న రాస్తే కొలత తప్పుతుందట!

ఆ రోజు ఆయనకు మా కష్టం చెప్పుకున్నాను. మా కోడలు ముందు గదిలో కుట్టు మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఎండాకాలం వస్తే పదకొండు నుంచి ఐదు దాకా ఆ గదిలో కూర్చోలేదు. అప్పటికి నాలుగు రోజుల ముందు మిషన్ మీదే కళ్లు తిరిగి పడిపోయింది. సూది వేలి పక్కనే దిగింది. భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసే నా కొడుకు అది విని, "ఇంటికి తాళమేసి ఇద్దరూ ఇక్కడికే రండి" అన్నాడు. కోడలు ఏడ్చింది. ఈ వాడలో పదేళ్లు కుట్టి కూడబెట్టుకున్న గిరాకీ ఆమెది. అక్కడికి పోతే ఆమె జాకెట్ ఎవరికి తెలుసు? గది చల్లబడితే ఉంటాం, లేకపోతే తాళం వేస్తాం. సంగతి అక్కడికి వచ్చింది.

మేస్త్రి తల వంచుకుని విన్నాడు. గోడల వంక చూశాడు. "గాలి వచ్చే తొవ్వ పెట్టిన గని పోయే తొవ్వ పెట్టలే. తప్పు నాదే. ఇల్లు కట్టినోడే ఇంటి జరం దించాలె" అన్నాడు. తాను కట్టిన ఇంట్లో నిలబడి తప్పు నాదేనన్న మేస్త్రిని నేను ఇంకొకరిని చూడలేదు.

పనికి డబ్బెలా అని నేను పరేషాన్ అవుతుంటే మేము అప్పు తీసుకునే సొసైటీ వాళ్లు మీటింగు పెట్టారు. ఇల్లు చల్లబడేలా బాగుచేసుకుంటే అప్పు ఇస్తారట. ఆ తర్వాత వచ్చి ఇంటిని పరీక్ష చేసి, మూడు స్టార్లు వస్తే వడ్డీ తగ్గిస్తారట. కాగితాలు రాసుకునే అమ్మాయి నన్ను అడిగింది, "అమ్మా, మీ ఇంటికి ఇప్పుడు ఏ స్టార్ ఉందో తెలుసా?" అని. తెలియకేం! గృహప్రవేశం పత్రిక పసుపు గుడ్డలో మూట కట్టి తీసుకుపోయానాయె. విప్పి చూపించి, "రోహిణి నక్షత్రం బిడ్డా" అన్నాను.

మీటింగంతా ఒక్కటే నవ్వు. నాతో వచ్చిన మేస్త్రి మాత్రం నవ్వకుండా లేచి నిలబడ్డాడు.

"ఆమె చెప్పింది తప్పేం గాదు మేడం. గా ఇంట్ల పన్నెండు నెలలూ రోహిణి కార్తెనే!"

ఆ అమ్మాయి పెన్ను కింద పడేసి మరీ నవ్వింది. మా కాగితమే ముందు రాసుకుంది.

పని మొదలైంది. ఒకరోజు ట్రాలీ ఆటో నిండా మట్టికుండలు దిగాయి. వీటిని స్లాబు మీద దగ్గర దగ్గరగా బోర్లించి, సందుల్లో సున్నం, ఇటుక పొడి నింపి, పైన తెల్ల పెంకులు పరుస్తానన్నాడు. నా పైప్రాణం పైనే పోయింది. కుండ అంటే మనకు ఏం గుర్తొస్తుంది? పాడె ముందు పట్టేది, కాటికాడ పగలగొట్టేది!

"ఇంటి మీద కుండలు బోర్లిస్తవా అన్నా? మేం బతికుండంగనేనా?"

"కడిగి బోర్లించిన గిన్నెలు లేవా నీ వంటింట్ల? గయ్యన్నీ పాడెలేనా?"

"గిన్నె వేరు, కుండ వేరు!"

"మరి కలశం ఏంది చెల్లె? గదీ కుండనే గద. మొదటి కుండకు నువ్వే పసుపు కుంకుమ పెట్టు. ఇగ గవన్నీ కలశాలే."

పెట్టాను. ఒక్క కుండకు పెడితే మిగతావి ఏమనుకుంటాయో అని అన్నిటికీ పెట్టాను. మధ్యాహ్నమైంది. కూలీలు నెత్తి కొట్టుకున్నారు. బరువుకు స్లాబు కూలుతుందేమోనని మళ్లీ మేస్త్రిని పట్టుకున్నాను. "నేను పోసిన స్లాబు అది. నువ్వు ఏనుగు మీద ఎక్కినా ఏం గాదు" అన్నాడు. తర్వాత వెనక గోడకు కిటికీ కొట్టాడు. కిటికీ తెరిచిన ఆ క్షణంలోనే మిషన్ మీది గుడ్డముక్కలు లేచి ఎగిరాయి! కోడలు వాటి వెంట పడి ఏరుకుంటూ నవ్వడం నేను అప్పుడే చూశాను. అంతకు ముందు ఎన్నాళ్లయిందో ఆమె నవ్వి.

పరీక్షకు ఈ ఎండాకాలంలోనే వస్తామన్నారు. "వాళ్ల మిషినొక దిక్కు, నా కాలొక దిక్కు. జూద్దాం ఎవలిది నిజమో" అని మేస్త్రి పందెం కాశాడు. పరీక్ష బుధవారం. ఆయన సోమవారమే పోయాడు.

నేను వాయిదా వేయమంటానన్నాను. ఆయన లేకుండా ఎవరు మాట్లాడతారు మా ఇంటి తరఫున? కోడలు ఒప్పుకోలేదు. "అత్తమ్మా, ఎండలు పోయినంక వస్తే వాళ్లేం జూస్తరు? మేస్త్రి తాత పని గదే మాట్లాడుతది."

పరీక్ష రోజు నేను పొయ్యి వెలిగించలేదు. వేడి పెరిగితే చుక్క తగ్గుతుందేమో! అందరం నానబెట్టిన అటుకులే తిన్నాం. చూడడానికి వచ్చిన వాడకట్టు ఆడవాళ్లను గడప దాటనివ్వలేదు. పది మంది ఒంటివేడి తక్కువా? "మేమేమన్న కుంపట్లమా?" అని తిట్టుకుంటూ వాకిట్లోనే నిలబడ్డారు పాపం.

రెండు గంటలకు సొసైటీ వాళ్లు వచ్చారు, మీటింగులో కాగితాలు రాసుకున్న ఆ అమ్మాయీ వచ్చింది. కరోనా కాలంలో నుదుటికి పెట్టిన తుపాకీ లాంటిదాన్ని మా కప్పుకు గురిపెట్టారు. గోడలకు పెట్టారు. కిటికీలు కొలిచారు. కరెంటు బిల్లులు చూశారు. నేను దేవుడి గూటి దగ్గర కళ్లు మూసుకుని నిలబడ్డాను. మూడు చాలు, మూడు చాలు అని.

"నాలుగు స్టార్లమ్మా" అంది ఆ అమ్మాయి.

నాలుగు! నాకు నమ్మకం కుదరలేదు. "ఇంకోసారి జూడు బిడ్డా, మిషిన్ కరాబైందేమో" అన్నాను. కోడలు నా జబ్బ గిల్లింది, ఇంకా కమిలే ఉంది. ఆ అమ్మాయి నవ్వి మళ్లీ పెట్టింది. మళ్లీ నాలుగే! వాకిట్లో ఆడవాళ్ల కేకలకు రోడ్డు మీద ఆటోలు ఆగాయి. వడ్డీ తగ్గింది. మా కొడుకుకు ఫోన్ చేసి, "తాళం నువ్వే ఏసుకో, మేం రాం" అని చెప్పింది కోడలు. ఆమె ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికి కూడా మిషన్ తొక్కుతోంది. ఆ చప్పుడు వింటూ కునుకు తీస్తున్నాను, కునుకులో కూడా మిషన్ ఆగితే ఉలిక్కిపడి లేస్తున్నాను.

పదకొండో రోజుకు లింగాల ఘనపూర్ వెళ్లాం. ఈ సంతోషం ఆయన ఫొటో ముందు చెప్పాలని పోయాం. గదిలో కూర్చున్నాం. అయిదు నిమిషాలకు నా చీర వీపుకు అంటుకుంది. కోడలు మెల్లగా కప్పు వంక చూసింది. ఉత్త స్లాబు.

"వదినె, గిదేంది?" అన్నాను.

మేస్త్రి భార్య కొంగుతో విసురుకుంటూ చెప్పింది. "అందరి ఇండ్లు అయినంక మనది అంటుండె. జర ఆగు, రేపు రేపు అంటుండె. మా ఇంటి మీద ఒక్కనాడన్న చెప్పులు ఇడవలే."

కోడలు నా వైపు తిరిగి అంది. "తగ్గిన వడ్డీ పైసలు మిగుల్తయ్ అత్తమ్మా. గీ ఇంటికి మనం చేద్దాం." ఆయన దగ్గర పనిచేసిన కూలీలు రోజుకూలీ వద్దన్నారు. మీలో చేతనైనవాళ్లు రండి. గొడుగు, మంచినీళ్ల సీసా తెచ్చుకోండి, ఒంట్లో బాగాలేనివాళ్లు రావద్దు.

ఇవాళ పొద్దున మేస్త్రి భార్యకు ఫోన్ చేశాను. స్లాబంతా ఊడ్చి పెట్టిందట. పైన ఇంకో గది వేద్దామని ఆయన వదిలిన ఇనుప చువ్వలు అలాగే నిలబడి ఉన్నాయి. అందులో ఒకదానికి, దవాఖానకు పోయిన రోజు పొద్దున ఆయన తానే పిండి ఆరేసుకున్న అంగీ ఉందట. ఎండి గట్టిపడి గాలికి ఊగుతోందట. "గదొక్కటి నాతోని తియ్యబుద్ధైత లేదు వదినె. మీరొచ్చినంక తీద్దాం" అంది.

వచ్చే నెల మొదటి ఆదివారం వెళ్తున్నాం, పొద్దున ఆరు గంటలకు.