ఈదమ్మకు లేని రోగం లేదు

"అమ్మా, ఆ ప్రోస్టేటు మొగోళ్లకే ఉంటది. నీకుండదు!"

"ఉండదని నువ్వెట్ల చెప్తవ్? ఫోన్ల డాక్టరు ఉన్నదన్నడు."

"నువ్వు ఆడిదానివని ఆయనకు తెల్వదు కదమ్మా!"

"ఎందుకు తెల్వదు? నా నోటితోనే అడిగిన. గంత పెద్ద డాక్టరుకు ఆడగొంతేదో మొగగొంతేదో తెల్వదా?"

మా ఊరి దవాఖాన వరండాలో నర్సు సరిత తల పట్టుకుంది. వరుసలో నిలబడ్డ జనం కడుపులు పట్టుకున్నారు. లేని ప్రోస్టేటుకు మందివ్వమని కొట్లాడుతున్న ఆ అరవై ఏళ్ల మహాతల్లి మా పక్కింటి ఈదమ్మ. నేను పెద్దమ్మా అంటాను. ఆమెకు చదువు రాదు, ఫోను వచ్చు. అందుకని వారానికొక కొత్త రోగం వస్తుంది.

ఆమెకు ఫోను నేర్పిన పాపం నాదే. డిగ్రీ రెండో ఏడాదిలో వనపర్తి కాలేజీకి దండం పెట్టి వచ్చేశాను. ఊళ్లో నా అంత ఖాళీగా ఇంకెవరూ లేరు కనుక ఆ ఉద్యోగం నాకే దక్కింది. జీతం రెండు జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు. నేర్పింది ఒక్కటే, మైకు గుర్తు నొక్కడం. మిగతా వైద్యశాస్త్రమంతా ఆమె సొంతంగా కనిపెట్టుకుంది.

మొదట్లో ఫోనుకు ఆమె మాట పట్టుబడలేదు. "పొద్దుగాల లేస్తే కాళ్లు గుంజుతున్నయి" అంటే బండలు లాగే ఎడ్ల పోటీలు చూపించింది. "దీనికి తెలుగు గూడ నేర్పలేదారా ఎవలు?" అని నన్ను తిట్టింది, నేనే దాన్ని కన్నట్టు.

చదవలేదు కనుక మంచి డాక్టరెవరో తేల్చడానికి ఆమెకు రెండు సూత్రాలున్నాయి. మొదటిది, జేబులో పెన్నుండాలి. "పెన్ను లేనోడు మందెట్ల రాస్తడ్రా?" ఒకసారి ఒక డాక్టరమ్మ చక్కగా చెబుతుంటే పెన్ను కనబడలేదని మధ్యలోనే తోసేసింది.

"పెద్దమ్మా, చీరకు జేబెక్కడుంటది?"

"చేతులనన్న పట్టుకోవాలె గద!"

రెండోది, ఒకే మాట ముగ్గురు డాక్టర్లు చెప్పాలి. షుగరుకు పసరు అమ్మే ఒకడు మూడు పెన్నులు పెట్టుకుని వచ్చాడు. వాడితో ఇంకెవరూ గొంతు కలపలేదని వాడినీ పంపేసింది. "ఒక్కడే చెప్తే అమ్ముకునేటోడు. ముగ్గురు చెప్తే డాక్టరు." కాలేజీలో నాకు ఇంత పనికొచ్చే పాఠం ఒక్కటీ చెప్పలేదు.

ఇంత తెలివి ఉండి కూడా రోగాలను మాత్రం గంపకెత్తుకునేది. పత్తి చేనులో కలుపు తీస్తూ ఫోను నడుముకు చెక్కుకుని, చేనంతా వినబడేట్టు అడిగేది. "నాకు నెలనెలా రక్తం శాన పోతుంది. ఏం జెయ్యాలె?"

గట్టు మీద కూర్చున్న నేను ఊరుకోలేకపోయాను. "పెద్దమ్మా, అరవై ఏండ్లకు నెలనెలా ఏంది?"

మట్టిపెడ్డ వచ్చి నా చెవి పక్కనుంచి పోయింది. ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. పక్క సాలులో ఉన్న కొత్త కోడలు పూజ ఒక్కతే నవ్వలేదు. చేతిలో కలుపు పట్టుకుని ఫోను వైపే చూసింది.

తర్వాత ఈదమ్మకు రొమ్ములో గడ్డ లేచింది. ముగ్గురు డాక్టర్లూ వెంటనే చూపించుకోవాలన్నారు. ఊరంతా అయ్యో అంది. ఆమె దర్జాగా రొట్టెలు కొట్టుకుంటూ కూర్చుంది. వారం తిరక్కుండా చివరింటి స్వరూప, చుట్టాల పెళ్లని హైదరాబాదు బస్సెక్కింది. ఆషాఢంలో పెళ్లేమిటని నాకు తట్టలేదు. డిగ్రీ పూర్తి చేసి ఉంటే తట్టేదేమో.

ఇక ఈ ప్రోస్టేటు. దవాఖాన గొడవైన సాయంత్రం నన్ను పిలిచింది. పిలిచి, మొదటిసారి గొంతు తగ్గించింది.

"నువ్వు గూడ నవ్వినవా?"

"నవ్వక? మొగోళ్ల రోగమని వీడియోలనే చెప్పి ఉంటరు గద!"

"ముందుగల చెప్పిండ్రో ఏమో, నేను మందు చెప్పే కాడి నుంచే ఇన్న. నువ్వు నవ్వితే నవ్వినవ్. బావ గూడ నవ్విండు. గదే పరేషాన్."

బావంటే భీమన్న, ఆమె భర్తకు అన్న. మీసం మీద నిమ్మకాయ నిలబెట్టే రకం. ఆయన ఎదుట ఈదమ్మ కూర్చోదు, నెత్తి మీది కొంగు తీయదు.

"మా యారాలు, బావ పెండ్లాం విజయమ్మ ఏడుస్తుందిరా. మూడు దినాల సంది బావకు ఉచ్చల నెత్తురు పడుతుందట. దవాఖానకు పోదామంటే కట్టె లేపుతుండు. నేనెట్ల చెప్త ఆయనకు? బావోళ్ల గోడ పక్కన కూసోని నాకే ఉన్నదని ఫోను మోగించిన. అటు దిక్కు చప్పుడు లేకుంట ఇన్నడు. ఇగ పోతడనుకున్న. ఇయ్యాల ఊరంత నవ్విరి. గందరు నవ్వే రోగం తనకున్నదని ఎట్ల చెప్పుకుంటడు?"

నా బుర్ర అప్పుడు కదిలింది. "అయితే ఆ రక్తం పోయేది పూజకా? గడ్డ స్వరూపదా?"

"ఎవలిదైతే నీకెందుకు? ఊరందరి ముందట చెప్పిన గద, నావే."

 

భీమన్న ఇప్పుడు వనపర్తి డాక్టరిచ్చిన గోలీలు మింగుతూ మీసం తిప్పుతున్నాడు. నా పెళ్లి సంబంధాల సంగతి మాత్రం అడక్కండి. ఆ సాయంత్రం ఆమె అడిగింది అడిగినట్టు రాస్తాను, తప్పు నాదో కాదో మీరే తేల్చండి.

"ఈ ఒక్క రోగం జర నీ పేరు మీద పెట్టుకో బిడ్డా."

"పెద్దమ్మా! నాకు ఇరవై మూడేండ్లు. అది ముసలోళ్లకొచ్చేది!"

"కాలేజి ఇడిసిపెట్టినోనికి ఏదొచ్చినా ఊరు నమ్ముతది. రేపు వనపర్తికి పో. ఒక్కనికి భయమైతుందని బావను తోడు తీస్కపో. బస్సుల ఆయన పక్కన్నే కూసోని ఫోన్ల అడుగు. 'నాకు' అనే అడగాలె, యాదుంచుకో. సౌండు జర పెద్దగ పెట్టు కొడుకా, బావకు చెవులు గూడ సక్కగ ఇనబడయి."