నేను తీసిన గొళ్లెం

మా హీరో పుట్టినరోజుకు కోరుట్లలో జరిగే అభిమానుల సమ్మేళనానికి రిజిస్ట్రేషన్ పెట్టాల్సిందేనని పట్టుబట్టింది నేనే. అభిమాన సంఘం కమిటీ అంతా నవ్వింది. "ఏందిరా, పెండ్లి కార్డులు గిట్ల పంచుతవా?" అన్నాడు మా అధ్యక్షుడు. నవ్వనీ అనుకున్నాను. నిరుడు ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఎందుకు జరిగిందో మాత్రం నాకొక్కడికే తెలుసనుకునేవాణ్ణి.

ఆ ఏడు పేర్లూ లేవు, పాసులూ లేవు. హీరో కారు వచ్చేసిందని ఎవరో కేక వేయగానే, గేటు లోపల నిలబడ్డ నేను సంబరం పట్టలేక గొళ్లెం లాగేశాను. తీయమని నాకెవరూ చెప్పలేదు. బయటి జనమంతా ఒక్కసారే మీద పడ్డారు. సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక అక్క, బీడీలు చేసే ఆమె, ఆ తొక్కులాటలో కింద పడింది. మోకాలి చిప్ప పగిలింది. గొళ్లెం ఊడిపోయిందని కమిటీ అనుకుంది. నేనూ అవునన్నాను. కమిటీ తరఫున పండ్లు పట్టుకుని సిరిసిల్ల వెళ్లింది కూడా నేనే. సిగ్గు లేకుండా ఆమె మంచం పక్కన కూర్చుని, "గేటు పాతదక్కా" అని చెప్పాను. ఆమె బిడ్డతో చాయ్ పెట్టించి ఇచ్చింది.

అందుకే ఈసారి పంతం పట్టాను. జగిత్యాలలో నాకు జిరాక్సు, ఆన్‌లైన్ దుకాణం ఉంది. ఫారం నేనే తయారుచేసి అందరికీ పంపాను. పేరు, ఊరు, ఫోన్ నంబరు, అంతే. మూడో రోజున ఆమె పేరు కనిపించింది. ఆ కాలితో మళ్లీ వస్తోందంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఈసారి ఆమెను ముందు వరుస కుర్చీలో కూర్చోబెట్టేదాకా వదలకూడదనుకున్నాను. ఆ తర్వాత కొందరు కుర్రాళ్లు ఒక్క ఫోనుతో ముప్పై పాసులు లాగారని తెలిసి ఒళ్లు మండింది. ఒక ఫోనుకు ఒక్కటే పాసు అని ప్రకటించి, ఒక్కో నంబరుకు మొదటి పేరు ఉంచి మిగతావన్నీ ఒక్క దెబ్బకు తీసేశాను. పోయిన పేర్లలో ఎవరెవరున్నారో చూడలేదు. కోపంలో ఉన్నప్పుడు చూసే ఓపిక నాకెప్పుడూ లేదు.

సమ్మేళనం రోజు గేటు బయట బల్ల వేసుకుని కూర్చున్నాను. పదకొండింటికి ఆమె కర్ర పట్టుకుని వచ్చింది. వెంట బిడ్డ, ఇంకో పదిమంది ఆడవాళ్లు, చేతుల్లో సద్ది సంచులు.

"ఫోన్ నంబరు చెప్పక్కా."

"నాకు ఫోనెక్కడిది తమ్మీ? రెండు చేతులు బీడీలకే సాలవు. మా వాడకట్టుకంత మా బిడ్డ ఫోనే. దాంట్లనే పన్నెండు మందిమి రాయించుకున్నం."

లిస్టు తిరగేశాను. బిడ్డ పేరొక్కటే ఉంది. మిగతా పదకొండు పేర్లు నేనే తీసేశాను. ఎవరు పడిపోయారని ఇదంతా పెట్టానో ఆమె పేరే చెరిపి కూర్చున్నాను.

వెనక నుంచి అరుపులు మొదలయ్యాయి. "ఏమైందన్నా? జల్ది కానియ్యి!" కారు జగిత్యాల దాటిందని ఫోను వచ్చింది. ఆ మాట వెనక్కి పాకేసరికి వరుస చెదిరింది. నా బల్ల జరిగి జరిగి గేటుకు ఆనుకుంది. ఆడవాళ్లను వెనక్కి పంపుదామంటే ఆ జనంలోకి ఎదురు నడవాలి. లోపలికి తీసుకుందామంటే గొళ్లెం తీయాలి. లోపల గేటు దగ్గరున్న కార్యకర్త గొళ్లెం మీద చెయ్యి వేసి, "తియ్యాల్నా అన్నా?" అన్నాడు.

"తియ్యకు!" అని అరిచాను. ఆ తర్వాత ఏం చేయాలో తెలియలేదు.

ఆమె తన వాళ్ల వైపు తిరిగింది. "కూసోండ్రి. ఎవల సంచి వాళ్ల ముందట వెట్టుకోండ్రి. కార్ఖానల కూసున్నట్టే."

కర్ర మీద బరువు మోపి, చెడిపోయిన కాలు చాపి, మొదట తానే మట్టిలో కూర్చుంది. బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లినప్పుడు వాళ్లు అలాగే వచ్చిన వరుసలో గంపలు ముందు పెట్టుకుని కూర్చుంటారు. తోసుకోవడం ఉండదు. లేచి వెళ్లినా గంపే జాగా కాస్తుంది. పన్నెండుమందీ కూర్చున్నారు. వెనకున్న కుర్రాళ్లు కూర్చున్న ఆడవాళ్లను తొక్కలేక ఆగారు. కాసేపు గొణిగి వాళ్లూ కూర్చున్నారు. వాళ్ల వెనక వాళ్లకూ కూర్చోక తప్పలేదు. కూర్చున్న మనిషి ఎవరినీ తోయలేడు. ఇంత చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

గేటు సగం తీయించి పదేసి మందిని లేపి పంపించాను. ఫోను లేనివాళ్ల పేర్లు కాగితం మీద రాసుకున్నాను. "ముందుగాల నువ్వు లెవ్వక్కా" అని బతిమాలాను.

"నేను లేస్తే అందరు లేస్తరు. ఆఖరికి అస్త."

కారు వెనక గేటు నుంచి లోపలికి పోయింది. హాలులో ఈలలు దద్దరిల్లాయి. ఆమె కదల్లేదు. చివరి వరుస లోపలికి వెళ్లాక చెయ్యి అందించి లేపాను. మేం హాలు గుమ్మం దగ్గరికి చేరేసరికి మా హీరో వేదిక దిగిపోతున్నాడు. తలల మీదుగా, ఊపుతున్న చెయ్యి మాత్రం కనిపించింది.

"చెయ్యన్న అగుపడ్డది" అని నవ్విందామె.

ఆ నవ్వు చూశాక ఇక దాచుకోలేకపోయాను. "అక్కా, నిరుడు గేటు పాతదని జెప్పిన గదా. గది అబద్ధం."

"ఎరికే తమ్మీ" అంది చీరకు అంటిన మట్టి దులుపుకుంటూ. "నువ్వు గొళ్లెం తీసుడు గేటు సందులకెల్లి సూసిన. పండ్లు వట్టుకొచ్చిననాడే చెప్తవనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. ఆమె నా వంక చూడకుండానే అంది.

"గందుకే ఇయ్యాల కూసున్న. గేటుకాడ మల్ల నువ్వే ఉంటివి."