యారాలి బొటనవేలు

సంఘం కాగితాల మీద పన్నెండేళ్ళు సంతకం చేసింది నేనే. సిరిసిల్లలో మా ఆడవాళ్ళ సంఘం బడి పిల్లలకు యూనిఫాంలు కుడుతుంది. ఒప్పందం వచ్చినప్పుడల్లా అందరూ చుట్టూ కూర్చునేవాళ్ళు. నేను కళ్ళజోడు సర్దుకుని పేరు రాసేదాన్ని. మా యారాలు, అంటే నా మరిది భార్య, నా పేరు కింద సాక్షిగా బొటనవేలి నిశాని వేసేది. ఆమెకు అక్షరం రాదు. అది నాకు ఇష్టంగానే ఉండేది, దాచడమెందుకు.

నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా? నలభై దాటాక, మధ్యాహ్నం పూట నడిచే పెద్దల బడిలో పలక పట్టి నేర్చుకున్నాను. అంతకుముందు కోరుట్లలో, పుట్టింట్లో, చిన్నప్పటి నుంచీ బీడీలు చుట్టాను. పెళ్ళయి వచ్చాక ఇక్కడా అదే పని. యారాలిది బీర్పూర్. పొగాకు వాసనకు దగ్గొస్తుందని, వచ్చిన నెలలోనే బీడీల చాట పక్కన పెట్టేసింది. "దానికి వడదు, వంట జెయ్యనియ్యి" అన్నది అత్త. నేను దగ్గినప్పుడు నీళ్ళు తాగమన్నది.

నిరుడు ఒప్పందాలు కంప్యూటర్ మీదికి మారాయి. కలం అక్కర్లేదు. సంతకం చేసే మనిషి తానెవరో ముందుగా రుజువు చేసుకోవాలి. ఆధార్ నంబరు ఇచ్చి చిన్న యంత్రం మీద వేలు పెట్టాలి. అది ఒప్పుకుంటే, ఇక ఆ మనిషి వేలే సంతకం.

కంప్యూటర్ సెంటర్‌కు నేను పోతుంటే యారాలు తోడు వచ్చింది. అక్కడి అమ్మాయి నా బొటనవేలు పెట్టించింది. యంత్రం ఎర్రగా వెలిగింది. తుడిచి పెట్టించింది. వరసగా పది వేళ్ళూ పెట్టించింది. పదీ ఎరుపే.

"నీ ఏళ్ళకు గీతలే లేవమ్మా. బీడీలు జేసినవా?"

"చేసే నలుగురు పిల్లలను సాదిన."

"సాదినవు గని, గీతలరిగిపోయినయి."

యంత్రమే పాడైందేమో అన్నాను. చూద్దామని ఆ అమ్మాయి యారాలి నంబరు కొట్టి ఆమె వేలు పెట్టించింది. అలా ఆనించిందో లేదో పచ్చగా వెలిగింది. తెర మీద ఆమె పేరు, ఊరు, నవ్వుతున్న ఫొటో.

"రేషన్ కాడ గూడ నాది ఒక్కసారికే వడ్తది అక్కా" అన్నది యారాలు, వేలు కొంగుకు తుడుచుకుంటూ.

పేరు రాయడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆమెకు ఒక్క క్షణం.

సంఘంలో సంగతి తెలిసింది. శుక్రవారంలోగా ఎవరో ఒకరి పేరు ఎక్కకపోతే ఆ ఏటి కుట్టుపని వేరే సంఘానికి పోతుంది. "చిన్నమ్మ ఏలును మిషన్ గుర్తువట్టింది గదా, ఆమెనే వెడ్దాం" అన్నారు కొందరు. శుక్రవారం దాకా ఆగమన్నాను.

ఇంటికొచ్చి వేళ్ళకు వెన్న రాసుకున్నాను. "గోరింటాకు వెట్టుకో అక్కా, తోలు మెత్తవడి గీతలు తేల్తయి" అన్నది యారాలు. అదీ పెట్టుకున్నాను. నా చేతులు తడవకూడదని అంట్లన్నీ ఆమెతోనే తోమించాను, బూడిద వేసి, పీచుతో. ఆమె గీతలు కూడా కొంచెం అరిగితే అరగనీ అనుకున్నాను. ఇట్లా అనుకున్నదాన్ని నేనే.

గురువారం మళ్ళీ పోయాం. మళ్ళీ ఎరుపు. "గోరింటాకు ఎవలు వెట్టుకొమ్మన్నరమ్మా? ఇగ ఇది అసలే గుర్తువట్టది" అన్నది ఆ అమ్మాయి. యారాలి వేలు మాత్రం అడగకుండానే ఇంకోసారి చూసింది. పచ్చ.

సెంటర్ మెట్ల మీద యారాలిని నిలబెట్టి అడిగాను.

"కావాల్నని చెప్పినవు గదా."

"తెల్వక చెప్పిన అక్కా."

"నా జాగల నీ కన్ను వడ్డది."

తెలియదంటుందనుకున్నాను. ఆమె చెప్పుల వైపు చూసి, "వడ్డది" అన్నది. "ఎందుకు వడది? పన్నెండేండ్లు నీ దస్కత్ కింద నిశాని ఏసిన. ఏసినంక సిరా తుడుసుకొమ్మని గుడ్డ నా ఒళ్ళెకు ఇసిరేస్తుంటివి. ఒక్కనాడు చేతికియ్యకపోతివి. నాకు యాదికి లేదనుకున్నవా?"

విసిరిన మాట నిజం. ఇద్దరం ఒకే ఆటోలో ఎదురెదురుగా కూర్చొని ఇంటికొచ్చాం.

సాయంత్రం నా ఫోన్‌కు సెంటర్ నుంచి మెసేజ్ వచ్చింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని మూడుసార్లు చదివాను. వేలిముద్ర పడనివారు కెమెరాకు ముఖం చూపించి కూడా గుర్తింపు పూర్తి చేసుకోవచ్చట. నేను ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు సంఘంలో అందరూ నా వైపే చూశారు. "ఏం జేద్దాం పెద్దమ్మా?" ఫోన్ నా చేతిలోనే ఉంది. యారాలు గడప పక్కన కూర్చొని నా వైపు చూడటం లేదు. ఆ మెసేజ్ చదివి వినిపిద్దామనే నోరు తెరిచాను. సిరా గుడ్డ గుర్తొచ్చింది.

"దాని ఏలే వెట్టున్రి" అన్నాను. "ఏడాదికి."

ఏడాది అన్న మాట ఎవరూ అడగలేదు. నేనే చేర్చాను.

సెంటర్‌లో మొదటి ఒప్పందం తెర మీదికి వచ్చింది. పదకొండు పేజీలు. యారాలు యంత్రం దాకా వేలు తెచ్చి ఆపేసింది.

"సదువు అక్కా."

"అన్ని ఎప్పటి తీరుగనే ఉంటయి, వెట్టు."

"నువ్వు సదవంది నేను వెట్ట."

చదివాను. ప్రతి వాక్యానికీ "అంటే?" అన్నది. కత్తిరింపులో బట్ట పాడైతే ఎవరిది బాధ్యత అన్న చోట నాకూ అర్థం కాలేదు. సెంటర్ అమ్మాయి ఒప్పందం పంపినవాళ్ళకు ఫోన్ చేసి కనుక్కున్నది. నష్టం మొత్తం మాదేనట. ప్రతి ఏడూ అదే ఉందట. పన్నెండేళ్ళలో ఒక్క ఒప్పందమూ నేను చివరిదాకా చదవలేదు. పేరు రాసే తొందరే తప్ప. యారాలు అది మార్చమన్నది. సగం వాళ్ళది, సగం మాది అని రెండు రోజులకు మారి వచ్చింది. అప్పుడు వేలు పెట్టింది. ఒక్కసారికే పచ్చగా వెలిగింది.

ఆమె మంచి పనే చేసింది. అయినా ఆ పచ్చ వెలుగు చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. మెసేజ్ తీసెయ్యలేదు. ఏడాది నిండడానికి ఇంకా నాలుగు నెలలున్నాయి.